పోలిక ఒక్కటే రుజువు కాదు: మనలో నియాండర్తల్ అంశ ఎలా బయటపడింది

1997లో జర్మనీలో జన్యు శాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం ఒక నియాండర్తల్ ఎముక నుంచి తొలిసారిగా డీఎన్‌ఏను చదవగలిగింది. ఎముక కొత్తగా తవ్వి తీసినది కాదు. 1856లో నియాండర్ లోయలో సున్నపురాయి తవ్వుతున్నప్పుడు బయటపడి, ఒక అంతరించిన మానవ జాతికి పేరు తెచ్చిపెట్టిన అస్థిపంజరానిదే. పరిశోధకులు చదివింది కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగంలోని డీఎన్‌ఏలో ఒక చిన్న భాగం. నేడు జీవించి ఉన్న ఏ ఖండపు మనుషుల మైటోకాండ్రియాతోనూ అది కలవలేదు. దాంతో చాలామంది తీర్పు చెప్పేశారు: ఆఫ్రికా నుంచి బయలుదేరిన ఆధునిక మానవులు దారిలో తగిలిన పాత మానవులతో సంతానం కనలేదు, వారి స్థానాన్ని ఆక్రమించారు, అంతే.

ఆ తీర్పు తొందరపాటుదని అప్పుడే కొందరు అన్నారు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. పది తరాలు వెనక్కి వెళితే ఒక మనిషి వంశవృక్షంలో 1,024 స్థానాలుంటాయి. మైటోకాండ్రియా వాటిలో ఒక్కరి గురించే చెబుతుంది. మిగిలిన 1,023 మంది విషయంలో దానికి నోరు లేదు. నియాండర్తల్ తల్లులకు పుట్టిన ఆడపిల్లల వరుస ఎక్కడో ఒకచోట తెగిపోతే చాలు, వారి మైటోకాండ్రియా మనలో కనబడదు. వారి ఇతర జన్యువులు మాత్రం మనలో ఉండిపోవచ్చు. ప్రశ్న తేలాలంటే కణ కేంద్రకంలోని డీఎన్‌ఏ కావాలి. దాన్ని సంపాదించడానికి మరో పదమూడేళ్లు పట్టింది.

అంత ఆలస్యానికి కారణాలు ఎముకలోనే ఉన్నాయి. ప్రాణి చనిపోగానే డీఎన్‌ఏ తెగడం మొదలవుతుంది. వేల ఏళ్ల తర్వాత మిగిలేవి సాధారణంగా వంద అక్షరాలకు (డీఎన్‌ఏను కూర్చే ఏ, సి, జి, టి అనే నాలుగు రసాయనాలకు) లోపు ముక్కలే. అందులోనూ అత్యధిక భాగం ఎముకలో చేరిన సూక్ష్మజీవులది. క్రొయేషియాలోని విండియా గుహలో దొరికిన నియాండర్తల్ ఎముకల విషయంలో ఇదే జరిగింది: తీసిన డీఎన్‌ఏలో 95 శాతానికి పైగా సూక్ష్మజీవులదే. ఆపైన, ఎముకను పట్టుకున్న ప్రతి మనిషీ తన డీఎన్‌ఏను దానికి అంటిస్తాడు. వెతుకుతున్నది మనకూ వారికీ ఉన్న పోలికే అయినప్పుడు, పరిశోధకుడి వేలి ముద్రే ‘పోలిక’గా లెక్కలోకి ఎక్కే ప్రమాదం చిన్నది కాదు. చివరికి అక్కరకొచ్చింది శిథిలతే. పాత డీఎన్‌ఏ ముక్కల అంచుల్లో ‘సి’ అనే అక్షరం రసాయనికంగా మారిపోయి, యంత్రం చదివేటప్పుడు ‘టి’గా కనిపిస్తుంది. నిన్న మొన్న అంటిన డీఎన్‌ఏలో ఈ మార్పు ఉండదు. ఏ ముక్క నిజంగా పాతదో, ఏది కల్తీయో ఈ గుర్తుతో అంచనా వేయడం సాధ్యమైంది.

2010 మే నెలలో విండియా ఎముకల నుంచి కూర్చిన నియాండర్తల్ జన్యుపటం, అంటే కేంద్రకంలోని మొత్తం డీఎన్‌ఏ అక్షరాల వరుస, ముసాయిదాగా వెలువడింది. దాన్ని ఐదుగురు నేటి మనుషుల జన్యుపటాలతో పోల్చారు: దక్షిణాఫ్రికా శాన్, పశ్చిమాఫ్రికా యోరుబా, ఫ్రెంచి, హాన్ చైనీయ, పాపువా న్యూ గినీ ప్రజల నుంచి ఒక్కొక్కరు. ఈ పోలికలోని తర్కం చాలా అందమైనది, కాస్త నిదానంగా చూడదగ్గది.

నియాండర్తల్‌కూ మనకూ డీఎన్‌ఏ కలవడంలో వింత ఏమీ లేదు. ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకులున్నారు, చింపాంజీతో కూడా మనకు ఎన్నో అక్షరాలు కలుస్తాయి. అందుకని ఎంత కలిసింది అన్నదాన్ని వదిలి, ఎవరితో ఎక్కువ కలిసింది అని అడిగారు. చింపాంజీలో పాత అక్షరం ఉండి, నియాండర్తల్‌లో కొత్త అక్షరం ఉన్న స్థానాలను మాత్రమే తీసుకున్నారు. వాటిలోనూ ఇద్దరు నేటి మనుషులు, ఉదాహరణకు ఒక యోరుబా, ఒక ఫ్రెంచి వ్యక్తి, పరస్పరం తేడా పడే చోట్లనే లెక్కించారు. ఆధునిక మానవులందరి పూర్వీకుల నుంచి నియాండర్తల్‌లు ఎప్పుడో విడిపోయి, ఆ తర్వాత ఎవరితోనూ కలవకపోయి ఉంటే, వారికి యోరుబా దగ్గర, ఫ్రెంచివాడు దూరం అయ్యే అవకాశమే లేదు. పూర్వీకుల వైవిధ్యం నుంచి యాదృచ్ఛికంగా వచ్చిన పోలికలు ఇద్దరికీ సమానంగా పంచుకుపోవాలి. లెక్క చూస్తే తక్కెడ ఒకవైపు మొగ్గింది. ఆఫ్రికా బయటివారు ముగ్గురూ ఆఫ్రికావారి కంటే నియాండర్తల్‌కు ఎక్కువ దగ్గరగా తేలారు. ఆఫ్రికా బయటి మనుషుల జన్యువుల్లో 1 నుంచి 4 శాతం నియాండర్తల్‌లదని మొదట అంచనా వేశారు. తర్వాత మరింత నాణ్యమైన జన్యుపటాలు వచ్చాక ఇది సుమారు 2 శాతం వద్ద స్థిరపడింది.

అంతకంటే ఆశ్చర్యం మరొకటి ఉంది. నియాండర్తల్ శిలాజాలు దొరికేది ఐరోపా, పశ్చిమాసియా, మధ్యాసియాల్లో. ఫ్రెంచివాడిలో పోలిక ఎక్కువగా ఉంటే అర్థం చేసుకోవచ్చు. నియాండర్తల్ ఎముక ఒక్కటీ దొరకని పాపువా న్యూ గినీ మనిషిలోనూ దాదాపు అంతే ఉండటమెందుకు? ఆధునిక మానవులు ఆఫ్రికా దాటిన కొత్తలో, వేర్వేరు ఖండాలకు చీలిపోకముందే కలయిక జరిగిందన్నదే సులువైన సమాధానం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వచ్చింది. కలయికే లేకుండా కూడా తక్కెడ ఇలా మొగ్గవచ్చని 2012లో కొందరు పరిశోధకులు చూపారు. లక్షల ఏళ్ల కిందటి ఆఫ్రికాలో జనాభా ఒకే ముద్దగా ఉండేది కాదు. అందులో గుంపులుండేవి. ఏ గుంపు నుంచి నియాండర్తల్ పూర్వీకులు విడిపోయారో, ఎంతో కాలం తర్వాత దానికి చేరువగా ఉన్న గుంపు నుంచే ఆఫ్రికా వదిలిన ఆధునిక మానవులూ బయలుదేరి ఉంటే, వారిద్దరికీ పాత చుట్టరికం వల్లే పోలిక ఎక్కువగా ఉంటుంది. అక్షరాల లెక్క ఒక్కటే చేతిలో ఉంటే ఈ వాదనను కొట్టిపారేయడం కష్టం. నియాండర్తల్ కథ చెప్పే వ్యాసాలు చాలావరకు ఈ మలుపును దాటవేస్తాయి. రుజువు బలమంతా నిజానికి ఈ అభ్యంతరానికి దొరికిన జవాబులోనే ఉంది.

జవాబు ముక్కల పొడవులో దొరికింది. ప్రతి తరంలోనూ అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడు తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమ్, తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోమ్ పరస్పరం భాగాలు మార్చుకుంటాయి. నియాండర్తల్ తండ్రికి, ఆధునిక తల్లికి పుట్టిన బిడ్డలో సగం క్రోమోజోములు మొదలు నుంచి చివరిదాకా నియాండర్తల్‌వే. మనుమల తరంలో అవి ముక్కలవుతాయి. తరం గడిచేకొద్దీ ఆ ముక్కలు ఇంకా చిన్నవవుతాయి. ఈ తెగుడు వేగం తెలుసు కాబట్టి ముక్క పొడవే గడియారంగా పనికొస్తుంది. రెండు వేల తరాల కిందట, అంటే సుమారు 50,000 ఏళ్ల కిందట కలయిక జరిగితే, నేడు మిగిలే ముక్కల సగటు పొడవు 50,000 అక్షరాల ప్రాంతంలో ఉండాలి. అదే పోలిక ఐదు లక్షల ఏళ్లకు మించిన ఉమ్మడి పూర్వీకుల నుంచి వచ్చినదైతే ముక్కలు కొన్ని వేల అక్షరాలకు మించకూడదు. నేటి మనుషుల్లో కనిపించేవి పొడవైన ముక్కలే. పాత చుట్టరికంతో ఇంత పొడవును సమర్థించడం సాధ్యం కాదు.

గణాంకం చెప్పిన ఈ మాటను తర్వాత ఎముకలు బలపరిచాయి. పశ్చిమ సైబీరియాలో ఇర్తిష్ నది ఒడ్డున, ఉస్త్-ఇషిమ్ అనే చోట దొరికిన తొడ ఎముక సుమారు 45,000 ఏళ్ల నాటి ఆధునిక మానవుడిది. అతని జన్యుపటం 2014లో వెలువడింది. గడియారం నిజమే అయితే, కలయికకు కాలంలో మనకంటే ఎంతో దగ్గరగా బతికిన అతనిలో నియాండర్తల్ ముక్కలు మనలో కంటే పొడవుగా ఉండాలి. అలాగే ఉన్నాయి. వాటి పొడవును బట్టి, అతను పుట్టడానికి 7,000 నుంచి 13,000 ఏళ్ల ముందు కలయిక జరిగిందని లెక్క తేలింది.

రొమేనియాలోని ఒక గుహ నుంచి వచ్చిన సుమారు 40,000 ఏళ్ల నాటి దవడ ఎముక ఇంకా సూటిగా మాట్లాడింది. ‘ఓవాసే-1’ అని పిలిచే ఈ మనిషి జన్యువుల్లో 6 నుంచి 9 శాతం నియాండర్తల్‌వని 2015లో తేలింది. కొన్ని ముక్కలు ఎంత పొడవంటే, ఒక క్రోమోజోమ్‌లో దాదాపు సగం నియాండర్తల్‌దే. ఇతనికి నాలుగు నుంచి ఆరు తరాల వెనుక ఒక నియాండర్తల్ పూర్వీకుడున్నట్టు లెక్క. ముత్తాతకు తాత అనుకోవచ్చు. అంటే ఐరోపాలోనూ కలయిక జరిగింది, అది నియాండర్తల్‌లు అంతరిస్తున్న దశలో. అయినా ఇతని వంశం నేటి ఐరోపావాసుల్లో మిగల్లేదు. కలయిక జరగడం వేరు, దాని ఫలితం మనదాకా రావడం వేరు. ఈ తేడా గుర్తుంచుకోకపోతే మిగతా లెక్కలన్నీ తికమక పెడతాయి.

మనదాకా వచ్చిన వాటా మాత్రం దాదాపు అంతా ఒకే దీర్ఘమైన దశలో చేరింది. ప్రాచీన, నేటి జన్యుపటాలను వందల సంఖ్యలో కలిపి చూసిన పరిశోధన 2024 చివర్లో వచ్చింది. దాని ప్రకారం ఆ దశ 50,500 ఏళ్ల కిందట మొదలై, 43,500 ఏళ్ల కిందటి వరకు, ఏడు వేల ఏళ్ల పాటు సాగింది. ‘ఒక కలయిక’ అని తేలిగ్గా రాసే చోట ఎన్నో తరాల సహజీవనం ఉందన్నమాట.

ఈలోగా రెండో జాతి బయటపడింది, అదీ విచిత్రంగా. రష్యాలోని ఆల్తాయ్ పర్వతాల్లో డెనిసోవా గుహ ఉంది. 2008లో అక్కడ దొరికిన వేలి ఎముక ముక్కను చూసి ఏ శరీర నిర్మాణ నిపుణుడూ కొత్త జాతి అని చెప్పలేడు. 2010లో దాని డీఎన్‌ఏ చదివితే అది ఆధునిక మానవులదీ కాదు, నియాండర్తల్‌దీ కాదు. పుర్రె లేదు, అస్థిపంజరం లేదు, ముఖం ఎలా ఉండేదో తెలియదు. చేతిలో ఉన్నది జన్యుపటం మాత్రమే. డెనిసోవన్‌లు అని పేరు పెట్టారు. అదే తక్కెడ పరీక్షను వీరికీ వర్తింపజేస్తే పాపువా న్యూ గినీ, పరిసర ద్వీపాల ప్రజల్లో 3 నుంచి 5 శాతం వాటా వీరిదని తేలింది. సైబీరియా గుహకూ ఆ ద్వీపాలకూ మధ్య వేల కిలోమీటర్ల దూరం. డెనిసోవన్‌లు ఆసియాలో చాలా విస్తృతంగా వ్యాపించి ఉండాలన్న ఊహ అక్కడే పుట్టింది. ఆసియా ప్రజల్లోని డెనిసోవన్ ముక్కలు ఒకే మూలానికి చెందవని, కనీసం రెండు వేర్వేరు డెనిసోవన్ జనాభాల నుంచి వచ్చాయని 2018 నాటికి తేలింది.

ఆ ఏడాదే డెనిసోవా గుహ మరో అద్భుతాన్ని ఇచ్చింది. గుర్తుపట్టడానికి వీల్లేని రెండు వేలకు పైగా ఎముక పెంకులను కొలాజెన్ ప్రోటీన్ పరీక్షతో జల్లించినప్పుడు, వాటిలో ఒకటి మానవజాతిదని తెలిసింది. సుమారు 90,000 ఏళ్ల కిందట, పదమూడేళ్లకు అటూ ఇటూ వయసులో చనిపోయిన అమ్మాయిది. ఆమె జన్యుపటంలో దాదాపు ప్రతిచోటా జంట క్రోమోజోముల్లో ఒకటి నియాండర్తల్‌ను, మరొకటి డెనిసోవన్‌ను పోలి ఉంది. మైటోకాండ్రియా నియాండర్తల్‌ది. తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్ అని చెప్పడానికి ఇంకేమీ అవసరం లేదు. పైగా ఆ తండ్రి వంశంలోనే ఎన్నో తరాల వెనుక నియాండర్తల్ పూర్వీకుల జాడ ఉంది. జన్యుపటం లభించిన పాత మానవులు చాలా కొద్దిమంది. ఆ కొద్దిమందిలోనే నేరుగా మొదటి తరం సంకర సంతానం తగలడాన్ని బట్టి, రెండు గుంపులూ ఎదురుపడినప్పుడు కలయిక అంత అరుదైన సంఘటన కాదని అనుకోవాలి.

చైనాలో హార్బిన్ దగ్గర దొరికిన, కనీసం 1,46,000 ఏళ్ల నాటి పెద్ద పుర్రె డెనిసోవన్ వంశానిదేనని 2025లో దాని పంటి గారలోని మైటోకాండ్రియా డీఎన్‌ఏ, ఎముకలోని ప్రోటీన్లు తేల్చాయి. జన్యుపటం వచ్చిన పదిహేనేళ్లకు డెనిసోవన్‌ల ముఖం ఇలా కంటపడింది.

2 శాతం అన్న అంకె దగ్గరికి మళ్లీ వద్దాం. అది ఎంత ప్రసిద్ధమో అంత తప్పుదారి పట్టించేది. ప్రతి ఒక్కరిలోనూ ఉన్నది ఒకే 2 శాతం కాదు. ఒకరిలో ఉన్న ముక్కలు మరొకరిలో ఉండకపోవచ్చు. వేలమంది ముక్కలను కలిపి పేరిస్తే నియాండర్తల్ జన్యుపటంలో గణనీయమైన భాగాన్ని తిరిగి కూర్చవచ్చు. తక్కువ మందిని చూసిన 2014 నాటి అంచనాల్లోనే అది అయిదో వంతు నుంచి మొదలైంది. డీఎన్‌ఏ పరీక్షల వ్యాపారులు ‘మీలో సగటు కంటే ఎక్కువ నియాండర్తల్’ అని పంపే నివేదికల్లో వినోదమే తప్ప విషయం తక్కువ. ఆ దశాంశాల తేడా ఎవరి స్వభావం గురించీ చెప్పదు.

ముక్కలు ఎంత అన్నదానికన్నా ఎక్కడ ఉన్నాయి, ఎక్కడ లేవు అన్నది ఎక్కువ చెబుతుంది. 2014లో రెండు బృందాలు విడివిడిగా పటాలు గీసి చూస్తే, కొన్ని పొడవైన ప్రాంతాల్లో నియాండర్తల్ అంశ ఏ మనిషిలోనూ దాదాపు కనిపించలేదు. పరిశోధకులు వీటికి ఎడారులని పేరు పెట్టారు. ఎక్స్ క్రోమోజోమ్‌లో నియాండర్తల్ వాటా మిగతా క్రోమోజోముల సగటులో అయిదో వంతు మాత్రమే. వృషణాల్లో చురుగ్గా ఉండే జన్యువుల దగ్గరా కొరత కనిపించింది. సంకర మగ సంతానంలో సంతాన సామర్థ్యం తగ్గినప్పుడు జంతువుల్లో కనిపించే తీరు ఇలాగే ఉంటుంది. మాటకు సంబంధించినదిగా పేరు పడ్డ ఫాక్స్‌పీ2 జన్యువు ఇలాంటి ఒక ఎడారిలోనే ఉంది. దీన్ని చూసి నియాండర్తల్‌లకు మాటలు రావని రాసినవారున్నారు. అది దూకుడు వాదన. ఆ ఎడారిలో ఇంకా ఎన్నో జన్యువులున్నాయి, వాటిలో ఏది కారణమో ఎడారిని చూసి చెప్పలేం.

కొరతకు మరో మూలం జనాభా సంఖ్యలో ఉంది. నియాండర్తల్‌లు ఎప్పుడూ కొద్దిమందే. సంతానం కనే వయసువారు కొన్ని వేలకు మించని జనాభాలో స్వల్పంగా హాని చేసే ఉత్పరివర్తనలను (డీఎన్‌ఏ అక్షరాల్లో వచ్చే మార్పులను) ప్రకృతి వరణం ఏరివేయలేదు, అవి పేరుకుపోతాయి. ఆల్తాయ్‌లో దొరికిన ఒక నియాండర్తల్ స్త్రీ తల్లిదండ్రులు సవతి తోబుట్టువులంత దగ్గరి బంధువులని ఆమె జన్యుపటం చెప్పింది. అలాంటి బరువుతో వచ్చిన జన్యువులు ఆధునిక మానవుల పెద్ద జనాభాలోకి చేరగానే ప్రకృతి వరణం వాటిపై పని మొదలుపెట్టింది. మొదటి కొద్ది తరాల్లోనే చాలా భాగం పోయింది. మిగిలిన 2 శాతం ఆ వడపోత తర్వాతి శేషం.

శేషంలో పనికొచ్చినవీ ఉన్నాయి. టిబెట్ ప్రజల్లో విస్తారంగా కనిపించే ఈపీఏఎస్1 జన్యు రూపం డెనిసోవన్‌లదని 2014లో తేలింది. ఎత్తైన ప్రదేశాల్లో ప్రాణవాయువు తక్కువైనప్పుడు మామూలు శరీరం ఎర్ర రక్తకణాలను విపరీతంగా పెంచుకుంటుంది, రక్తం చిక్కబడి ప్రమాదం వస్తుంది. ఈ జన్యు రూపం ఆ పెరుగుదలను అదుపులో ఉంచుతుంది. అయిదేళ్ల తర్వాత టిబెట్ పీఠభూమి అంచున, 3,000 మీటర్లకు పైగా ఎత్తున్న బైషియా గుహలో దొరికిన 1,60,000 ఏళ్ల నాటి దవడ డెనిసోవన్‌దని ప్రోటీన్ల ద్వారా తెలియడంతో, ఆధునిక మానవులు రావడానికి చాలా ముందే వారు ఆ ఎత్తుల్లో బతికారని నిర్ధారణ అయింది.

మంచీ చెడూ కలగలిసిన ఉదాహరణ కోవిడ్ కాలంలో దొరికింది. వ్యాధిని తీవ్రం చేసే ఒక జన్యు ప్రాంతం మూడో క్రోమోజోమ్ మీద, సుమారు 50,000 అక్షరాల పొడవున ఉంది. అది నియాండర్తల్ వారసత్వమేనని 2020లో హ్యూగో జెబెర్గ్, పాబో చూపారు. దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో, ఐరోపాలో 16 శాతం మందిలో అది ఉంది. తూర్పు ఆసియాలో దాదాపు లేదు. మరుసటి ఏడాదే, పన్నెండో క్రోమోజోమ్ మీద ఉన్న మరో నియాండర్తల్ ముక్క తీవ్రమైన కోవిడ్ ముప్పును సుమారు 22 శాతం తగ్గిస్తుందని వారే తేల్చారు. అలాగని కోవిడ్ మరణాల తీరును నియాండర్తల్‌లకు అంటగట్టడం సరికాదు. వయసు, ఇతర వ్యాధులు, వైద్యం అందుబాటు వంటివి ముందు వరుసలో ఉంటాయి. దక్షిణాసియాలో ఆ ముక్క అంతగా ఎందుకు విస్తరించిందన్నది మాత్రం ఆలోచించదగ్గ విషయం. గతంలో మరేదో రోగం నుంచి అది రక్షించి ఉండవచ్చన్నది ఒక ఊహ.

జన్యువులు ఒక దిక్కునే ప్రవహించలేదు. స్పెయిన్‌లోని సిమా దె లోస్ ఉయెసోస్ గుంటలో దొరికిన 4,30,000 ఏళ్ల నాటి మానవులు కేంద్రక డీఎన్‌ఏ ప్రకారం తొలి నియాండర్తల్‌లు. వారి మైటోకాండ్రియా మాత్రం డెనిసోవన్‌లకు దగ్గర. తర్వాతి నియాండర్తల్‌లలో ఆ పాత మైటోకాండ్రియా కనబడదు, దాని స్థానంలో మనకు దగ్గరైనది ఉంది. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వారి వై క్రోమోజోమ్ కూడా డెనిసోవన్‌లకంటే మనకే దగ్గరని 2020లో వెల్లడైంది. ఆఫ్రికా నుంచి చాలా ముందే బయటికి వచ్చిన, మన పూర్వీకులకు దగ్గరి బంధువులైన ఏదో గుంపు నియాండర్తల్‌లతో కలిసి, ఆ రెండు వారసత్వాలనూ వారిలో వదిలి వెళ్లిందన్నది ఇప్పటికి మెరుగైన వివరణ. 1997లో ‘మనది కాదు’ అనిపించిన ఆ మైటోకాండ్రియా నిజానికి మన వైపు నుంచే వెళ్లిందన్నమాట.

ఆఫ్రికా విషయంలో లెక్కింపు పద్ధతే కొంతకాలం కళ్లు కప్పింది. ఆఫ్రికావాసుల్లో నియాండర్తల్ అంశ సున్నా అనుకుని, వారిని కొలబద్దగా పెట్టుకుని మిగతావారిని కొలిచేవారు. కొలబద్దలో ఉన్నదాన్ని కొలబద్దతో కనిపెట్టలేం. ఆ ఊహ అవసరం లేని పద్ధతితో 2020లో చూస్తే ఆఫ్రికావాసుల్లోనూ సగటున 0.3 శాతం దాకా తేలింది. ఐరోపా, ఆసియాల నుంచి ఆఫ్రికాకు తిరిగి వెళ్లినవారు దాన్ని తీసుకెళ్లారు.

అదే ఏడాది పశ్చిమాఫ్రికా ప్రజలపై వచ్చిన మరో అధ్యయనం, వారి జన్యువుల్లో 2 నుంచి 19 శాతం వరకు పేరు తెలియని ఒక పాత మానవ జనాభాదని లెక్క కట్టింది. నియాండర్తల్‌ల కంటే ముందే మన శాఖ నుంచి విడిపోయిన జనాభా అది. ఎముక లేదు, జన్యుపటం లేదు, గణాంకంలో మిగిలిన నీడ మాత్రమే ఉంది. రెండుకీ పంతొమ్మిదికీ మధ్య ఉన్న దూరమే అలాంటి లెక్క ఎంత వదులుగా ఉంటుందో చెబుతుంది. 2023లో మరో బృందం, ఆఫ్రికాలోనే లక్షల ఏళ్ల పాటు విడిపోతూ కలుస్తూ వచ్చిన రెండు మూడు గుంపులను ఊహిస్తే ఆ అజ్ఞాత జనాభా అవసరమే లేదని వాదించింది. నియాండర్తల్‌ల విషయంలో 2012లో వచ్చిన అభ్యంతరమే ఇక్కడ మళ్లీ తలెత్తింది. అక్కడ దానికి జవాబు చెప్పడానికి విండియా, ఉస్త్-ఇషిమ్, ఓవాసే ఎముకలున్నాయి. ఆఫ్రికా వేడికి డీఎన్‌ఏ త్వరగా నశిస్తుంది కాబట్టి, అంత పాత ఎముక నుంచి జన్యుపటం అక్కడ ఇంతవరకు రాలేదు.